ఫ్రీ ఏజెంట్ కాంట్రాక్టు కట్టడం ఎలా: ఎన్‌ఎఫ్‌ఎల్ శాలరీ క్యాప్ లెక్క మొదటి నుంచి చివరి దాకా

2024 మార్చిలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడుపుతూ బంతి విసిరే ఆటగాడు) కర్క్ కజిన్స్ మిన్నెసోటా వైకింగ్స్‌ను వదిలి అట్లాంటా ఫాల్కన్స్‌లో చేరాడు. నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. మొదటి ఏడాది అతడి చేతికి అందే డబ్బు 6.25 కోట్లు. అదే ఏడాది ఫాల్కన్స్ శాలరీ క్యాప్ (ఆటగాళ్ల మీద జట్టు ఖర్చుకు ఉన్న వార్షిక పరిమితి) ఖాతాలో పడింది 2.5 కోట్లు. సంతకం నాటికి పూర్తి గ్యారంటీ ఉన్న మొత్తం 9 కోట్లు. కాంట్రాక్టు ఒక్కటే, అంకెలు నాలుగు, నాలుగూ నిజమే.

ఈ అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవో తెలిస్తే ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుతోనైనా చేరగల ఆటగాడు) కాంట్రాక్టు గుట్టు తెలిసినట్టే. డబ్బు ఆటగాడి జేబులోకి వెళ్లే తేదీ వేరు, జట్టు దాన్ని క్యాప్ పుస్తకంలో రాసుకునే తేదీ వేరు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఎడంలోనే జట్టు కాంట్రాక్టులు కుదిర్చే జనరల్ మేనేజర్ పనితనమంతా ఉంటుంది. ఈ మార్గదర్శిలో ఆ కుర్చీలో మీరే కూర్చుంటారు. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

ముందు క్యాప్ సంగతి

ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లకూ ఏటా ఒకే ఖర్చు పరిమితి ఉంటుంది. లీగ్ ఆదాయంలో ఆటగాళ్లకు దక్కే వాటా, అంటే దాదాపు 48 శాతం, ఆధారంగా ఈ పరిమితిని లెక్కగడతారు. 1994లో మొదలైనప్పుడు అది 3.46 కోట్ల డాలర్లు. 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92 కోట్లు. ఏటా పెరగడమే దీని అలవాటు. కోవిడ్ దెబ్బకు మాత్రం 2020లో 19.82 కోట్లుగా ఉన్నది 2021లో 18.25 కోట్లకు పడిపోయింది. పెరుగుతుందన్న నమ్మకంతో బాకీలు ముందుకు నెట్టిన జట్లు ఆ ఏడాది నానా అవస్థలు పడ్డాయి.

ఐపీఎల్ వేలం చూసేవారికి పర్స్ అన్న మాట కొత్త కాదు. 2025 సీజన్‌కు ఒక్కో జట్టు పర్స్ 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ హైదరాబాద్ హెన్రిక్ క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టిపెట్టుకుంటే ఆ 23 కోట్లూ అదే ఏడాది పర్స్‌లోంచి తగ్గాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. పరిమితి దాటడానికి మినహాయింపులు ఉండవు, ఆ విషయంలో ఇది ఐపీఎల్ కంటే మెత్తనిదేమీ కాదు. కానీ ఈ ఏడాది చెల్లించిన డబ్బును వచ్చే నాలుగేళ్ల మీద కూడా పరిచి రాసుకునే వీలుంది. మిగతా కథంతా ఆ ఒక్క వీలు చుట్టూ తిరుగుతుంది.

మొదటి అడుగు: నిజంగా ఎంత ఖాళీ ఉందో చూసుకోండి

27.92 కోట్లు అందరికీ ఒకటే అయినా, చేతిలో ఉండే ఖాళీ ఒక్కో జట్టుకు ఒక్కోలా ఉంటుంది. కిందటి ఏడాది మిగిల్చిన క్యాప్‌ను ఈ ఏడాదికి తెచ్చుకోవచ్చు. జట్టులో లేని పాత ఆటగాళ్ల తాలూకు బాకీలు మాత్రం తీసేయాలి. వాటిని డెడ్ మనీ అంటారు.

ఒక ఊహా జట్టును తీసుకుందాం. 2025 క్యాప్ 27.92 కోట్లు, కిందటేడు మిగిలింది 1.70 కోట్లు, మొత్తం 29.62 కోట్లు. ఇప్పుడున్న ఆటగాళ్ల ఖర్చు 25.80 కోట్లు, డెడ్ మనీ 2.10 కోట్లు. మిగిలింది 1.72 కోట్లు. ఇది చూసి సంబరపడకండి. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) చేసే కుర్రాళ్లకు, సెప్టెంబరులో ప్రాక్టీస్ స్క్వాడ్‌కు (సాధన కోసం ఉంచుకునే అదనపు ఆటగాళ్లకు), సీజన్ మధ్యలో గాయపడిన వారి స్థానంలో తెచ్చుకునే వారికి డబ్బు పక్కన పెట్టాలి. మన జట్టు అందుకోసం 90 లక్షలు తీసి ఉంచిందనుకుందాం. ఇక ఖర్చు పెట్టగలిగింది 82 లక్షలే.

మార్చిలో మీకు అనుకూలించే నిబంధన ఒకటుంది. సీజన్ మొదలయ్యేదాకా జట్టులో 90 మంది ఉన్నా, క్యాప్ ఖర్చు ఎక్కువగా ఉన్న మొదటి 51 మందినే లెక్కలోకి తీసుకుంటారు, మిగతావారి బోనస్ వాటాలు మాత్రం కలుపుతారు. కొత్త ఆటగాడు వస్తే 51వ వాడు లెక్కలోంచి జారిపోతాడు. అతడి జీతం 10 లక్షల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, 80 లక్షల ఆటగాడు మార్చిలో నికరంగా 70 లక్షల భారమే వేస్తాడు.

రెండో అడుగు: ఎవరితో మాట్లాడవచ్చు, ఎప్పుడు

నాలుగు లేదా అంతకు మించి సీజన్లు పూర్తిచేసి, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఏ జట్టుతోనైనా చేరవచ్చు. మార్చి మధ్యలో లీగ్ కొత్త ఏడాది మొదలవుతుంది. దానికి రెండు రోజుల ముందు నుంచి ఆటగాళ్ల తరఫున మాట్లాడే ఏజెంట్లతో బేరాలు ఆడవచ్చు, సంతకాలు మాత్రం కొత్త ఏడాది మొదలయ్యాకే. ఆ క్షణానికి జట్టు క్యాప్ లోపల ఉండి తీరాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి. మీ జట్టు నుంచి ఫ్రీ ఏజెంట్లు వెళ్లిపోతే లీగ్ మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో పరిహారంగా అదనపు పిక్ (ఒక ఆటగాడిని ఎంచుకునే వంతు) ఇవ్వవచ్చు. మీరు బయటి నుంచి ఫ్రీ ఏజెంట్‌ను తెచ్చుకుంటే ఆ పరిహారం రద్దు కావచ్చు. పాత జట్టు విడుదల చేసిన ఆటగాడైతే ఈ లెక్కలోకి రాడు. అందుకే తెలివైన జట్లు కాంట్రాక్టు ముగిసిన వారికంటే విడుదలైన వారి మీద ముందు కన్నేస్తాయి.

మూడో అడుగు: మొత్తాన్ని ముక్కలు చేయండి

మన ఊహా జట్టుకు ఒక మంచి పాస్ రషర్ (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఆటగాడు) కావాలి. ఏజెంట్ నాలుగేళ్లకు 8 కోట్లు అడుగుతున్నాడు. సగటున ఏడాదికి 2 కోట్లు. మన దగ్గర ఉన్నది 82 లక్షలు. అయినా ఈ బేరం కుదురుతుంది. ఎలాగంటే, ఆ 8 కోట్లను వేర్వేరు పేర్లతో విడగొడతారు.

బేస్ శాలరీ అంటే సీజన్లో వారం వారం ఇచ్చే జీతం. ఏ ఏడాది జీతం ఆ ఏడాది క్యాప్‌లోనే పూర్తిగా పడుతుంది. సైనింగ్ బోనస్ సంతకం పెట్టగానే ఇచ్చే సొమ్ము, క్యాప్‌లో మాత్రం కాంట్రాక్టు ఏళ్ల మీద సమానంగా పరుస్తారు, గరిష్ఠంగా ఐదేళ్లకు. రోస్టర్ బోనస్ ఫలానా తేదీకి జట్టులో ఉంటే ఇచ్చేది, ఇది సాధారణంగా ఆ ఏడాది క్యాప్‌లోనే పడుతుంది. వర్కవుట్ బోనస్ వేసవి శిక్షణకు హాజరైనందుకు ఇచ్చే చిన్న మొత్తం. ఆప్షన్ బోనస్ రెండో ఏడో మూడో ఏడో ఇచ్చే సైనింగ్ బోనస్ లాంటిది, ఇచ్చిన ఏడాది నుంచి మళ్లీ పరుచుకోవచ్చు. ఫిలడెల్ఫియా ఈగల్స్ దీన్ని విరివిగా వాడుతుంది.

నాలుగో అడుగు: బోనస్ పరచండి

అసలు పని ఇక్కడుంది. మన పాస్ రషర్‌కు 3 కోట్ల సైనింగ్ బోనస్ ఇద్దాం. కాంట్రాక్టు నాలుగేళ్లే అయినా చివర్లో ఐదో ఏడాదిని పేరుకు తగిలిద్దాం, దాని సంగతి తర్వాత చెబుతాను. 3 కోట్లను ఐదుతో భాగిస్తే ఏడాదికి 60 లక్షలు. మిగిలిన 5 కోట్లను బేస్ శాలరీగా ఇలా సర్దుదాం:

మొదటి ఏడాది: జీతం 20 లక్షలు, బోనస్ వాటా 60 లక్షలు, క్యాప్‌లో 80 లక్షలు
రెండో ఏడాది: జీతం 1.40 కోట్లు, బోనస్ వాటా 60 లక్షలు, క్యాప్‌లో 2 కోట్లు
మూడో ఏడాది: జీతం 1.60 కోట్లు, బోనస్ వాటా 60 లక్షలు, క్యాప్‌లో 2.20 కోట్లు
నాలుగో ఏడాది: జీతం 1.80 కోట్లు, బోనస్ వాటా 60 లక్షలు, క్యాప్‌లో 2.40 కోట్లు
పేరుకు ఉన్న ఐదో ఏడాది: బోనస్ వాటా 60 లక్షలు మాత్రమే

క్యాప్ వరుస మొత్తం కూడితే సరిగ్గా 8 కోట్లు. ఒక్క డాలరు కూడా ఎక్కడికీ మాయం కాలేదు, దాని తేదీ మాత్రం మారింది. ఆటగాడి వైపు నుంచి చూస్తే మొదటి ఏడాదే 3.20 కోట్లు చేతిలో పడ్డాయి. జట్టు వైపు నుంచి చూస్తే 82 లక్షల ఖాళీలో 80 లక్షలతో సర్దుకుంది. ఇద్దరికీ కావలసింది దొరికింది కాబట్టే ఈ రూపం ముప్పై ఏళ్లుగా నిలబడింది.

దీని మొదటి రోజుల్లోనే డల్లాస్ కౌబాయ్స్ ఎంత దూరం వెళ్లవచ్చో చూపించింది. 1995లో డియాన్ శాండర్స్‌తో ఏడేళ్లకు 3.5 కోట్ల ఒప్పందం చేసుకుంది. అందులో దాదాపు 1.3 కోట్లు సైనింగ్ బోనస్, మొదటి ఏళ్ల జీతం కనీస స్థాయిలో. లీగ్‌కు ఇది మింగుడుపడక తర్వాత నిబంధనలు బిగించింది. ఈనాడు డల్లాస్ శివారు ఫ్రిస్కోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం పొరుగువీధి లాంటిది. అక్కడి పిల్లలు తొడుక్కునే జెర్సీల వెనుక ఇలాంటి లెక్కల చరిత్ర ఉంది.

మొదటి ఏడాది జీతాన్ని కనీసానికి దించడంలో ఇంకో కోణం ఉంది. 2022లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ డిషాన్ వాట్సన్‌ను ట్రేడ్‌లో (వేరే జట్టుతో మార్పిడిలో) తెచ్చుకుని ఐదేళ్లకు 23 కోట్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చింది. మొదటి ఏడాది జీతం 10.35 లక్షలు, సైనింగ్ బోనస్ 4.4965 కోట్లు. ఆ ఏడాది అతడిపై 11 మ్యాచ్‌ల నిషేధం పడింది. నిషేధ కాలంలో కోత పడేది జీతానికే కాబట్టి అతడు పోగొట్టుకున్నది 6.325 లక్షలు. విడిగా 50 లక్షల జరిమానా కట్టాడు, అయినా అంత పెద్ద కాంట్రాక్టులో అది ఏ మూలకు? రూపం ఎవరికి రక్షణ ఇస్తోందో ప్రతి కాంట్రాక్టులోనూ అడగాల్సిన ప్రశ్న. నాకైతే ఈ ఒప్పందం ఇప్పటికీ మనసుకు ఎక్కలేదు.

ఐదో అడుగు: గ్యారంటీ ఎంత, ఏ రకం

ఎన్‌ఎఫ్‌ఎల్ కాంట్రాక్టులో గ్యారంటీ లేని జీతం నీటి మీద రాత లాంటిది. జట్టు వద్దనుకుంటే ఆ డబ్బు రాదు. ఆట దెబ్బతినడం వల్ల తీసేసినా, గాయం వల్ల తీసేసినా, క్యాప్ కోసం తీసేసినా ఇస్తామంటే అది పూర్తి గ్యారంటీ. గాయానికి మాత్రమే ఇస్తామంటే సగం గ్యారంటీ అనుకోండి. వార్తల్లో వచ్చే మొత్తం గ్యారంటీ అంకెలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. సంతకం నాటికి పూర్తి గ్యారంటీ ఎంత అన్నదే అడగండి.

మన పాస్ రషర్‌కు సైనింగ్ బోనస్ 3 కోట్లు, మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 1.40 కోట్లు పూర్తి గ్యారంటీ. మొత్తం 4.60 కోట్లు. మూడో ఏడాది 1.60 కోట్లకు ఇప్పటికి గాయం గ్యారంటీ మాత్రమే, ఆ ఏడాది మార్చిలో లీగ్ కొత్త ఏడాది మొదలైన మూడో రోజుకు ఇంకా జట్టులో ఉంటే పూర్తి గ్యారంటీ అవుతుంది. ఈ తేదీని మార్చిలో పెట్టించడానికి ఏజెంట్లు గట్టిగా పట్టుబడతారు. ఆగస్టులో తీసేస్తే వేరే జట్ల దగ్గర డబ్బు అయిపోయి ఉంటుంది. మార్చిలోనే తీసేస్తే మరో చోట మంచి ధర పలుకుతుంది.

గ్రీన్ బే ప్యాకర్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్‌లు కాని వారికి మొదటి ఏడాది తర్వాత జీతానికి గ్యారంటీ ఇవ్వకూడదని చాలాకాలం పట్టుదలగా ఉన్నాయి. దానికి బదులు సైనింగ్ బోనస్ పెద్దది ఇచ్చేవి. ఇంకో కారణమూ ఉంది. రాబోయే ఏళ్లకు ఇచ్చిన పూర్తి గ్యారంటీలో పెద్ద భాగాన్ని యజమాని ముందుగానే విడి ఖాతాలో జమ చేయాలి. క్యాప్ కాగితం మీది పరిమితి, యజమాని బ్యాంకు ఖాతా రెండో పరిమితి.

గ్యారంటీ పక్కనే ఆఫ్‌సెట్ అన్న షరతు ఉందో లేదో చూడండి. 2024 మార్చిలో డెన్వర్ బ్రాంకోస్ రస్సెల్ విల్సన్‌ను విడుదల చేసినప్పుడు ఆ ఏడాదికి 3.9 కోట్లు గ్యారంటీ ఉంది. పిట్స్‌బర్గ్ అతడిని కనీస జీతం 12.1 లక్షలకు తీసుకుంది. ఆఫ్‌సెట్ వల్ల ఆ 12.1 లక్షలు డెన్వర్ బాకీలోంచి తగ్గాయి, మిగిలిన 3.779 కోట్లు డెన్వరే కట్టింది. పిట్స్‌బర్గ్ ఎక్కువ ఇచ్చినా విల్సన్‌కు మొత్తంగా పెరిగేది ఏమీ లేదు. అందుకే కనీసంతో సరిపెట్టారు.

ఆరో అడుగు: బయటికి వచ్చే దారి

సంతకం పెట్టేముందే విడిపోయే రోజు లెక్క వేయండి. ఆటగాడిని తీసేస్తే, ఇంకా క్యాప్‌లో రాయని బోనస్ వాటాలన్నీ ఒక్కసారిగా ఆ ఏడాది మీద పడతాయి. డెడ్ మనీ అంటే ఇదే. ఎప్పుడో ఇచ్చేసిన డబ్బే, పుస్తకంలో రాయడం మిగిలింది.

మన ఆటగాడిని రెండేళ్ల తర్వాత, మూడో ఏడాది గ్యారంటీ కాకముందే తీసేశామనుకోండి. మిగిలిన మూడు బోనస్ వాటాలు, 1.80 కోట్లు డెడ్ మనీ. అతడు ఉంటే ఖర్చు 2.20 కోట్లు. మిగిలేది 40 లక్షలు. మూడేళ్ల తర్వాతైతే డెడ్ మనీ 1.20 కోట్లు, ఉంటే ఖర్చు 2.40 కోట్లు, మిగిలేది 1.20 కోట్లు. అంటే ఇది పేరుకు నాలుగేళ్లది, నిజానికి మూడేళ్ల కాంట్రాక్టు. ఏ కాంట్రాక్టునైనా ఇలా చదివితే అసలు వయసు బయటపడుతుంది.

డెడ్ మనీని రెండు ఏళ్లకు పంచే వీలూ ఉంది. జూన్ 1 తర్వాత తీసేస్తే ఆ ఏడాది వాటా మాత్రమే ఆ ఏడాది పడి, మిగతాది మరుసటి ఏడాదికి వెళుతుంది. మార్చిలోనే తీసేసి, జూన్ 1 తర్వాత తీసినట్టు గుర్తు పెట్టే అవకాశం ఒక్కో జట్టుకు ఏడాదికి ఇద్దరి విషయంలో ఉంటుంది. మన ఆటగాడికి ఈ గుర్తు పెడితే మూడో ఏడాది డెడ్ మనీ 60 లక్షలే, మిగులు 1.60 కోట్లు, నాలుగో ఏడాదికి 1.20 కోట్ల బాకీ. కానీ ఆ మిగులు జూన్‌లో గానీ చేతికి రాదు. అప్పటికి మంచి ఫ్రీ ఏజెంట్లు సర్దుకుని ఉంటారు. మార్చి అవసరానికి జూన్ డబ్బు పనికిరాదని కొత్త అభిమానులు తరచూ మరిచిపోతారు.

ఈ అంకెలు ఎంత దూరం పెరిగాయో చూడండి. 2021లో కార్సన్ వెంట్జ్ వెళ్లిపోయినప్పుడు ఫిలడెల్ఫియా మోసిన డెడ్ మనీ 3.38 కోట్లు. మరుసటి ఏడాది మ్యాట్ రయాన్ వల్ల అట్లాంటా మీద 4.05 కోట్లు పడింది. విల్సన్ విషయంలో డెన్వర్ రెండేళ్లకు కలిపి 8.5 కోట్లు మోసింది, జూన్ 1 గుర్తుతో 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లు.

ఏడో అడుగు: వాయిడ్ సంవత్సరాలు

ఇందాక తగిలించిన ఐదో ఏడాది సంగతి ఇది. ఆ ఏడాది ఆటగాడు ఆడడు. ముందే రాసుకున్న తేదీకి ఆ సంవత్సరం దానంతట అదే రద్దవుతుంది. అది ఉండటం వల్ల బోనస్‌ను నాలుగు బదులు ఐదు ముక్కలు చేయగలిగాం. నాలుగు ముక్కలే అయితే ఏడాదికి 75 లక్షలు, మొదటి ఏడాది క్యాప్ 95 లక్షలయ్యేది, మన 82 లక్షల్లో ఇమిడేది కాదు. 15 లక్షల ఉపశమనం కోసం, అతడు వెళ్లిపోయాక 60 లక్షల బాకీ రాసుకున్నాం.

టాంపా బే బకనీర్స్ టామ్ బ్రేడీ విషయంలో చేసింది ఇదే. అతడు ఆట మానేశాక 2023లో ఆ జట్టు క్యాప్‌లో దాదాపు 3.51 కోట్లు అతడి పేరున పడింది. 2020 సీజన్‌లో గెలిచిన సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ఆ జట్టు చేతిలో ఉంది కాబట్టి నేను ఆ ఖర్చును తప్పుపట్టను. గెలిచే వయసులో ఉన్న జట్టు వాయిడ్ సంవత్సరాలు వాడితే అర్థముంది. కొత్తగా కట్టుకుంటున్న జట్టు వాడితే లేదు.

ఎనిమిదో అడుగు: రీస్ట్రక్చర్‌కు ముందు రెండుసార్లు లెక్క వేయండి

రెండో ఏడాది వచ్చింది, మళ్లీ క్యాప్ ఇరుకు. మన పాస్ రషర్ 2 కోట్లు తింటున్నాడు. సులభమైన మార్గం అతడి 1.40 కోట్ల జీతంలో 12 లక్షలు మాత్రం జీతంగా ఉంచి, మిగతా 1.28 కోట్లను బోనస్‌గా మార్చడం. దీన్నే రీస్ట్రక్చర్ అంటారు. ఆటగాడికి నష్టం లేదు, వారం వారం రావాల్సింది ఒకేసారి వస్తుంది. చాలా కాంట్రాక్టుల్లో ఇందుకు అతడి అనుమతి కూడా అక్కర్లేదు.

1.28 కోట్లను మిగిలిన నాలుగు సంవత్సరాలకు, వాయిడ్ ఏడాదితో కలిపి, పరిస్తే ఏడాదికి 32 లక్షలు. రెండో ఏడాది క్యాప్ 12, 60, 32 కలిపి 1.04 కోట్లు. 96 లక్షలు మిగిలాయి. ఇంతవరకు బాగుంది. ఇప్పుడు ఆరో అడుగులో వేసిన లెక్క మళ్లీ వేయండి. మూడో ఏడాది ముందు తీసేస్తే డెడ్ మనీ 1.80 కోట్లకు మరో 96 లక్షలు కలిసి 2.76 కోట్లు. అతడిని ఉంచుకుంటే క్యాప్ 2.52 కోట్లు. అంటే తీసేస్తే 24 లక్షలు అదనంగా ఖర్చవుతుంది. ఇంతకుముందు తీసేస్తే 40 లక్షలు మిగిలేవి.

ఒక్క సంతకంతో బయటి దారి మూసుకుపోయింది. ఆటగాడి మోకాలు బాగున్నా బాగోలేకున్నా ఇంకో ఏడాది మీతోనే ఉంటాడు. ప్రతి మార్చిలో జట్ల లెక్కలు నా స్ప్రెడ్‌షీట్‌లో వేసుకుంటూ నేను నేర్చుకున్నది ఏమిటంటే, వచ్చే రెండేళ్లూ తప్పకుండా కావాలనుకునే ఆటగాడి మీదే రీస్ట్రక్చర్ చేయాలి. సందేహం ఉన్నవాడి జీతాన్ని ముట్టుకోకూడదు. చాలా జట్లు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తాయి, ఎందుకంటే పెద్ద జీతం ఉన్నవాడి దగ్గరే పెద్ద ఉపశమనం దొరుకుతుంది.

ఇరుకున పడిన జట్లకు చివరి దారి తమ తప్పును వేరొకరికి అమ్మడం. 2016లో హ్యూస్టన్ టెక్సన్స్ బ్రాక్ ఆస్వైలర్‌కు నాలుగేళ్లకు 7.2 కోట్లు ఇచ్చింది. ఒక్క సీజన్‌కే విసుగెత్తి 2017లో క్లీవ్‌ల్యాండ్‌కు పంపించింది, అతడిని వదిలించుకోవడానికి రెండో రౌండ్ పిక్ కూడా కలిపి ఇచ్చింది. క్లీవ్‌ల్యాండ్ దగ్గర అప్పుడు క్యాప్ ఖాళీ విస్తారంగా ఉంది, అందుకే 1.6 కోట్ల జీతం భారం తీసుకుని పిక్ సంపాదించింది. ఆటగాడి కోసం చేసిన బేరం కాదది, ఖాళీని డబ్బులా వాడిన బేరం.

తొమ్మిదో అడుగు: చిన్న సర్దుబాట్లు

ఇన్సెంటివ్‌లు, అంటే ఆటలో ఫలానా లక్ష్యం అందుకుంటే ఇచ్చే డబ్బు, రెండు రకాలు. కిందటి ఏడాది అందుకున్న స్థాయిలోనే ఉన్న లక్ష్యమైతే అది వచ్చేదే అనుకుని ఈ ఏడాది క్యాప్‌లో ముందే రాస్తారు. కిందటి ఏడాది అందుకోనిదైతే ఇప్పుడు రాయరు, సాధిస్తే వచ్చే ఏడాది లెక్కలో సర్దుతారు. మన పాస్ రషర్ కిందటేడు 8 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసి ఉంటే, 10 శాక్‌లకు ఇచ్చే బోనస్ ఈ ఏడాదికి ఉచితం లాంటిదే. గాయాల చరిత్ర ఉన్నవారికి మ్యాచ్‌కు ఇంత చొప్పున రోస్టర్ బోనస్ పెడతారు. కిందటేడు 17లో 14 మ్యాచ్‌లు ఆడి ఉంటే ఈ ఏడాది క్యాప్‌లో 14 మ్యాచ్‌ల డబ్బే ముందుగా పడుతుంది.

చివరి స్థానాలను అనుభవజ్ఞులతో నింపండి. కనీస జీతానికి ఏడాది కాంట్రాక్టు మీద వచ్చే సీనియర్లకు లీగ్ ఒక రాయితీ ఇస్తుంది. 2024లో ఏడేళ్లు లేదా అంతకు మించిన అనుభవం ఉన్నవారి కనీస జీతం 12.1 లక్షలు, క్యాప్‌లో రాసేది రెండేళ్ల అనుభవం ఉన్నవాడి జీతం 9.85 లక్షలే. ఇది లేకపోతే ముప్పై దాటిన ఆటగాళ్లను జట్లు చవకైన కుర్రాళ్ల కోసం పక్కన పెట్టేసేవి.

పదో అడుగు: ఇప్పుడు కజిన్స్ కాగితం చదవండి

మొదట్లో చెప్పిన కాంట్రాక్టును తిరిగి తీసుకుందాం. సైనింగ్ బోనస్ 5 కోట్లు, నాలుగేళ్లకు పరిస్తే ఏడాదికి 1.25 కోట్లు. 2024 జీతం 1.25 కోట్లు, 2025 జీతం 2.75 కోట్లు, రెండూ పూర్తి గ్యారంటీ. 2026, 2027లో ఒక్కో ఏడాదికి 3.5 కోట్ల జీతం, కోటి రోస్టర్ బోనస్. వీటిలో 2026 రోస్టర్ బోనస్ కోటి 2025 మార్చి 17కు గ్యారంటీగా మారుతుంది.

సంతకం అయిన ఆరు వారాలకు ఫాల్కన్స్ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్‌తో మరో క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్‌ను తీసుకుంది. డిసెంబరులో కజిన్స్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టింది. 2025 మార్చిలో అందరూ అడిగిన ప్రశ్న: ఆడని మనిషిని ఎందుకు ఉంచుకోవాలి?

పెన్ను తీయండి. 2025లో ఉంచుకుంటే 2.75 జీతం, 1.25 బోనస్ వాటా, మొత్తం 4 కోట్లు. మార్చి 17కు ముందు తీసేస్తే మిగిలిన మూడు బోనస్ వాటాలు 3.75 కోట్లు, గ్యారంటీ జీతం 2.75 కోట్లు, మొత్తం 6.5 కోట్లు. ఆ తేదీ దాటాక తీసేస్తే మరో కోటి కలిసి 7.5 కోట్లు. జూన్ 1 గుర్తు పెట్టినా ఆ ఏడాది మిగిలేది శూన్యం, ఎందుకంటే జీతం గ్యారంటీ కదా. 2025 అంతా అతడు జట్టులోనే ఉన్నాడు.

ఇప్పుడు 2026 వరుస చూడండి. సంతకం నాటి కాగితం ప్రకారం ఉంచుకుంటే 3.5 జీతం, కోటి రోస్టర్ బోనస్, 1.25 వాటా, మొత్తం 5.75 కోట్లు. తీసేస్తే రెండు వాటాలు 2.5 కోట్లు, గ్యారంటీ కోటి, మొత్తం 3.5 కోట్లు. మొదటిసారి తీసేయడం లాభంగా కనిపించే ఏడాది అదే. పత్రికల్లో నాలుగేళ్లకు 18 కోట్లుగా వచ్చిన ఒప్పందం, 2024 మార్చిలో సంతకం పెట్టిన గదిలో ఉన్నవారందరికీ రెండేళ్లకు 10 కోట్ల ఒప్పందమే.